చిల్లకంప మొలవని జింకు కోసం: ఒక బ్యాటరీ ప్రాజెక్టు డైరీ

మాది కందుకూరు. పుట్టి పెరిగింది ప్రకాశం జిల్లాలో. 2022లో ఇల్లు కదలకుండానే నెల్లూరు జిల్లా వాళ్ళమయ్యాం. అందుకే ఏ జిల్లా అని అడిగితే రెండూ మావే అంటాను. ఇంటర్ పిల్లలకి కెమిస్ట్రీ చెప్పడం నా ఉద్యోగం. మా బాబాయికి ఉలవపాడు అవతల, సముద్రం వైపు, రెండు రొయ్యల గుంటలున్నాయి. గట్టు మీద కాపలా షెడ్డులో ఒక సోలార్ పలక, ఒక లెడ్ యాసిడ్ బ్యాటరీ, రెండు లైట్లు. ఉప్పుగాలికీ ఎండకీ ఆ బ్యాటరీ రెండేళ్ళు దాటి బతకదు. పోయినసారి అది పోయినప్పుడు, "మీ సైన్సులో దీనికి మందేం లేదా అబ్బాయా?" అన్నాడు. ఎగతాళికే అన్నాడు. నాకు మాత్రం అది చెవిలో ఉండిపోయింది.

చేసేది పెద్ద బ్యాటరీ ఏమీ కాదు. రాత్రంతా ఒక చిన్న లైటు వెలిగించే జింక్ సెల్లు. మళ్ళీ మళ్ళీ చార్జ్ అవ్వాలి, చాలాకాలం ఉండాలి. జింకే ఎందుకంటే, ఆనోడ్‌గా, అంటే సెల్లు మైనస్ వైపు, లోహాన్ని నేరుగా పెడితే తక్కువ చోటులో ఎక్కువ చార్జ్ పడుతుంది. గ్రాముకి లెక్కేస్తే లిథియం లోహానిది 3860 మిల్లీఆంప్ అవర్లు, జింకుది 820 మాత్రమే. అదే ఘన సెంటీమీటరుకి లెక్కేస్తే కథ తిరగబడుతుంది. లిథియానిది 2060 దగ్గర, జింకుది దాదాపు 5850. పైగా లిథియం లోహాన్ని ఇంట్లో తాకలేం. గాలి, తేమ తగలకూడదు. 1970లలో విటింగ్‌హామ్ అనే శాస్త్రవేత్త లిథియం లోహంతో రీచార్జ్ సెల్లు చేసి చూపించాడు. 1980ల చివర్లో ఒక కెనడా కంపెనీ అలాంటివి అమ్మకానికి తెచ్చింది, 1989లో ఫోన్లు అంటుకోవడంతో వెనక్కి పిలిపించుకుంది. 1991లో సోనీ తెచ్చిన లిథియం అయాన్ సెల్లులో లోహం లేదు, దాని బదులు కార్బన్ ఉంది. జింకుకైతే నీళ్ళ ద్రావణం చాలు, అంటుకునే భయం లేదు. వచ్చిన చిక్కల్లా అది చార్జ్ అయినప్పుడు బుద్ధిగా పరుచుకోదు.

కింద ఉన్నది నా నోట్‌బుక్కులోంచి ఎత్తి రాసింది. ఏమీ కుదరని వారాలే ఎక్కువ.

ఏప్రిల్ 6

మొదటి రోజే తప్పులో కాలేశాను. వెనక పశువుల కొట్టం మీద మిగిలిన జింకు రేకు ముక్క కత్తిరించి, రెండు పలకలు చేసి, జింక్ సల్ఫేట్ నీళ్ళలో వేశాను. ఒక నిమిషంలో అంచుల వెంట సన్నగా బుడగలు. పదిహేను నిమిషాలకి సోడా సీసాలాగా ఉంది. మనం జింకు రేకు అంటాం గానీ అది ఇనుము, పైన జింకు పూత. కత్తిరించిన చోట ఇనుము బయటపడింది. జింకూ ఇనుమూ కలిసి ఒకే నీళ్ళలో ఉంటే ఇనుము మీద హైడ్రోజన్ పుడుతుంది, జింకు కరుగుతుంది. రేకు తుప్పు పట్టకుండా కాపాడేది ఈ గుణమే, నా సెల్లుని తినేసేదీ ఇదే. ప్రతి ఏడూ పిల్లలకి ఈ పాఠం చెబుతూ నేనే మర్చిపోయాను.

సాయంత్రం టార్చి లైట్లలో వేసే పెద్ద సెల్లు ఒకటి విప్పాను. దాని డబ్బా అసలైన జింకు. కోసి, చదును చేసి, ఇసుక కాగితంతో రుద్ది పెట్టాను. 0.1 మిల్లీమీటరు జింక్ రేకు కూడా ఆన్‌లైన్‌లో ఆర్డర్ చేశాను.

ఏప్రిల్ 13

ఎరువుల కొట్టుకి వెళ్ళి జింక్ సల్ఫేట్ అడిగాను. "వరికా? ఎన్నెకరాలు?" అన్నాడు. బ్యాటరీకి అంటే ఎగాదిగా చూశాడు. మన వైపు వరి పొలాలకి జింకు లోపం మామూలే కాబట్టి ఇది దొరకని ఊరు లేదు. రెండు రకాలుంటాయి. 21 శాతం జింకు ఉన్నది ఏడు నీటి అణువులది, 33 శాతం ఉన్నది ఒక నీటి అణువుది. సంచి మీద చూసుకోకపోతే తూకం తప్పిపోతుంది. లీటరుకి 2 మోల్స్ కావాలంటే మొదటి రకం 575 గ్రాములు, రెండోది 359 గ్రాములు పడుతుంది. నేను మొదటిది తెచ్చుకున్నాను. 100 మిల్లీలీటర్ల ద్రావణానికి 57.5 గ్రాముల లెక్కన కలిపితే నీళ్ళు కొంచెం పసుపు రంగులోకి వచ్చాయి. అప్పుడే అనుమానపడాల్సింది. పడలేదు.

ఏప్రిల్ 27

మొదటి అసలు సెల్లు. 2 సెంటీమీటర్ల చదరపు జింకు పలకలు రెండు, మధ్యలో కాలేజీ ల్యాబ్ ఫిల్టర్ పేపర్ ఒక పొర, ద్రావణం, బయట రెండు అక్రిలిక్ ముక్కలు, నాలుగు బోల్టులు. రెండు వైపులా జింకే. ఒకవైపు కరిగి రెండోవైపు పేరుకోవాలి, గంటకోసారి దిశ మారాలి. చదరపు సెంటీమీటరుకి 1 మిల్లీఆంపు, అంటే మొత్తం 4.

కరెంటు స్థిరంగా ఉంచడానికి చేతికి దొరికిన ఎల్‌ఎమ్ 317 పెట్టాను. 4 రావాల్సింది ఓసారి 5.6, ఓసారి 4.9. రెండు సాయంత్రాలు వైర్లు తిట్టుకున్నాను. తర్వాత డేటాషీట్ చదివితే, ఆ చిప్పు సరిగా పనిచేయడానికి 10 మిల్లీఆంపుల దాకా కనీస కరెంటు కావచ్చని రాసి ఉంది. తీసేసి ఆప్‌ఆంప్, ట్రాన్సిస్టర్ పెట్టాను. దిశ మార్చడానికి రిలే, లెక్క రాయడానికి ఈఎస్‌పీ 32 బోర్డు, కొలవడానికి ఐఎన్‌ఏ 219 మాడ్యూల్.

మొదట రెండు పలకల మధ్య 55 మిల్లీవోల్టులు. 31 గంటలకి సున్నా. షార్ట్.

మే 9

చచ్చిన సెల్లుని విప్పి కాలేజీ మైక్రోస్కోప్ కింద పెట్టాను. పదింతల లెన్సుకే కనిపించింది. పలక మీద బూడిద రంగు ముళ్ళు గుంపులు గుంపులుగా, కొన్నిచోట్ల ఫిల్టర్ పేపర్లోకి దూరిపోయి ఉన్నాయి. పుస్తకాల్లో వీటిని డెండ్రైట్లు అంటారు. మా చెల్లెలు ఒక్క చూపు చూసి, "ఇది చిల్లకంపే కదరా అన్నయ్యా" అంది. అప్పటి నుంచి మా ఇంట్లో దీని పేరు అదే. మన వైపు బీడు నిండా మొలిచే ఆ ముళ్ళ తుప్పని చూసినవాళ్ళకి ఇంకో ఉపమానం అక్కర్లేదు.

ముల్లు ఎందుకు మొలుస్తుందో కూడా అంతే తేలిక. పలక ఎంత చదును చేసినా ఎక్కడో ఒక మిట్ట ఉంటుంది. మొన మీద విద్యుత్ క్షేత్రం ఎక్కువ, ద్రావణంలోని జింక్ అయాన్లకి అది దగ్గర. అయాన్లు ముందు అక్కడికే చేరతాయి, మిట్ట ఇంకాస్త పెరుగుతుంది, పెరిగినకొద్దీ ఇంకా లాగుతుంది. కరెంటు పెంచితే పలక దగ్గర అయాన్లు ఖాళీ అయి ఇంకా త్వరగా ముళ్ళొస్తాయి. జింకు స్ఫటికం ఆరు పలకల బిళ్ళలాంటిది. ఆ బిళ్ళలు పడుకుని పరుచుకుంటే మంచిది, నిలబడితే కాగితానికి చిల్లే.

మే 18

ఈరోజు పండగ. మెడికల్ షాపు గ్లిజరిన్ నూటికి పది వంతులు కలిపాను. సెల్లు 70 గంటలు దాటింది. పైగా వోల్టేజీ 58 నుంచి 14 మిల్లీవోల్టులకి తగ్గిపోయింది! అంటే అడ్డు తగ్గింది, జింకు హాయిగా అటూ ఇటూ పోతోంది. బాబాయికి ఫోన్ చేసి చెప్పేశాను. రాత్రి అమ్మ పులిహోర కూడా చేసింది, బ్యాటరీ కోసం కాదనుకోండి.

మే 25

పండగ కాదు. మోసపోయాను.

సెల్లు 180 గంటలు చచ్చిపోకుండా నడిచింది. వోల్టేజీ గ్రాఫు గీత చూస్తే స్కేలు పెట్టి గీసినట్టుంది. అదే ఎందుకో మింగుడు పడలేదు. మొదటి రోజుల గీతలో దిశ మారిన ప్రతిసారీ మొదట చిన్న బొడిపె వచ్చేది. కొత్తగా జింకు గింజ కట్టాలంటే కొంచెం ఎక్కువ తోపుడు కావాలి, ఆ బొడిపె దాని గుర్తు. ఇప్పుడది లేదు. ఇంకోటి. గ్లిజరిన్ కలిపితే ద్రావణం చిక్కబడుతుంది, వోల్టేజీ కాస్త పెరగాలే గానీ తగ్గకూడదు. కెమిస్ట్రీ చెప్పేవాడికి ఇది వారం తర్వాత తట్టింది!

విప్పాను. ఫిల్టర్ పేపర్ అంచు దగ్గర వెంట్రుక లావు నల్లటి గీత ఒకటి, ఇవతలి నుంచి అవతలికి. దీన్ని సాఫ్ట్ షార్ట్ అంటారు. పూర్తిగా కలవదు, పూర్తిగా విడిపోదు. కరెంటులో సగం రసాయన చర్య చేస్తుంది, సగం ఆ దారం గుండా ఊరికే పారిపోతుంది. బయటి నుంచి చూస్తే సెల్లు బ్రహ్మాండంగా ఉన్నట్టుంటుంది. రెండు వైపులా జింకే కాబట్టి కరెంటు ఆపినప్పటి వోల్టేజీ సెల్లు బాగున్నప్పుడూ సున్నానే, చచ్చినప్పుడూ సున్నానే. దాన్ని చూసి ఏమీ చెప్పలేం.

ఎవరైనా జింకు-జింకు సెల్లు వేల గంటలు నడిచిందని చెబితే, ముందు గీత ఆకారం చూపించమని అడుగుతాను. నా గీత నాకే ఇంత అబద్ధం చెప్పింది కాబట్టి అడుగుతున్నాను.

బాబాయికి మళ్ళీ ఫోన్ చేశాను. "పోన్లేరా, రొయ్యలు కూడా పట్టుబడి రోజు దాకా బాగానే కనబడతాయి" అన్నాడు.

జూన్ 8

పద్ధతి మార్చాను. ఒకవైపు జింకు, రెండోవైపు రాగి. రాగికి నాకు దొరికిన మంచి పలక ఎలక్ట్రానిక్స్ కొట్టులో అమ్మే కాపర్ క్లాడ్ బోర్డు. చదునుగా ఉంటుంది, పలచటి నైట్రిక్ యాసిడ్‌లో ఒక్క క్షణం ముంచి కడిగితే శుభ్రం. రాగి మీద గంటసేపు 4 మిల్లీఆంపులతో జింకు పేర్చాలి, తర్వాత వోల్టేజీ అర వోల్టు దాటేదాకా దాన్ని వెనక్కి లాగాలి. పెట్టింది ఎంత, తిరిగొచ్చింది ఎంత? ఆ నిష్పత్తే కూలుంబిక్ ఎఫిషియన్సీ. సాఫ్ట్ షార్ట్ ఉంటే ఇక్కడ దాక్కోలేదు. రాగి మీద జింకు అయిపోయినా వోల్టేజీ పైకి లేవదు, పెట్టినదానికంటే ఎక్కువ వచ్చినట్టు లెక్క చూపిస్తుంది. అప్పు తీర్చమంటే ఇచ్చినదానికంటే ఎక్కువ తెచ్చి ఇచ్చాడంటే వాడు ఎక్కడో దొంగతనం చేసినట్టే కదా.

మొదటి ఫలితం 97 శాతం. తర్వాతి రౌండులో 99.5. తర్వాత 95. ఇదేం గోల అని చూస్తే తప్పు సెల్లుది కాదు, కొలిచేదానిది. ఐఎన్‌ఏ 219 మాడ్యూల్ మీద వచ్చే నిరోధం 0.1 ఓమ్. దాంతో అది చూడగలిగిన చిన్న మెట్టు 0.1 మిల్లీఆంపు. నేను పంపేది 4. అంటే ఒక మెట్టు తేడా వస్తే 2.5 శాతం పోయినట్టే. గజం బద్దతో నగ తూకం వేస్తున్నాను. ఆ నిరోధం తీసేసి 10 ఓమ్‌లది అతికించాను, మెట్టు 1 మైక్రోఆంపుకి దిగింది. ఖాళీగా ఉన్నప్పుడు చూపించే సున్నా కూడా నిజం సున్నా కాదు. దాన్ని ప్రతి పూటా కొలిచి తీసేస్తున్నాను. అయినా నా అంకెల్లో 0.2 శాతం అటూ ఇటూ ఉంటుందని అనుకోండి.

జూన్ 15

ఈ పర్సెంటేజీల మీద ఇంత పట్టుదల ఎందుకని చెల్లెలు అడిగింది. కాగితం మీద వేసి చూపించాను. ప్రతి రౌండులో 99 శాతం తిరిగొస్తే నూరు రౌండ్ల తర్వాత మిగిలేది 37 శాతం. 99.9 వస్తే నూరింటికి 90, వెయ్యింటికి 37. పాయింటు తర్వాత ఒక తొమ్మిది అంటే పది రెట్ల ఆయుష్షు.

మరి మామూలు జింకు సెల్లులో ఇది ఎందుకు కనిపించదు? ఎక్స్‌ట్రా జింకు ఉంటుంది గనక. చదరపు సెంటీమీటరుకి 1 మిల్లీఆంప్ అవర్ అంటే కదిలే జింకు 1.7 మైక్రోమీటర్ల మందం మాత్రమే. నా రేకు 100 మైక్రోమీటర్లు, అంటే నూటికి రెండు పాళ్ళు కూడా కదలడం లేదు. మిగతాదంతా వెనకాల నిలబడి ప్రతి నష్టాన్నీ పూడుస్తుంది. తాత ఆస్తి ఉన్నవాడి వ్యాపారం లాంటిది, నష్టాలు ఏళ్ళ తరబడి బయటికి రావు. అదే రేకు కదిలే జింకుకి రెండింతలే ఉంటే, 99 శాతం సెల్లు నూరు రౌండ్లకి అయిపోతుంది. బరువు తగ్గాలంటే మందం తగ్గాలి, మందం తగ్గితే ఈ తొమ్మిదులు కావాలి. జింకు బ్యాటరీలో ఉన్న తగాదా అంతా ఇక్కడే ఉంది.

జూన్ 29

పిల్లలకి సెలవులు అయిపోయాయి, పని నత్తనడక. ఈ వారం ఒకటే సంఘటన. 5 సెంటీమీటర్ల చదరపు సెల్లు ఒకటి చేసి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి, ఇస్త్రీపెట్టెతో అంచులు అతికించాను. నాలుగు రోజులు షెల్ఫ్‌లో పెట్టి మర్చిపోయాను. రేకుల గది, మధ్యాహ్నం 40 డిగ్రీలు. తెరిచి చూస్తే పూరీలా ఉబ్బి ఉంది. ఒక్కసారి కూడా చార్జ్ చేయని సెల్లు!

ఇన్నాళ్ళూ ముళ్ళ గురించే ఆలోచిస్తున్నాను. చప్పుడు చేయకుండా తినేది ఇంకొకటి ఉంది. జింకు నీళ్ళతో తనంతట తానే చర్య జరుపుతుంది, హైడ్రోజన్ వస్తుంది. 1 మిల్లీఆంప్ అవర్‌కి సరిపడే జింకు ఇలా పోతే దాదాపు అర మిల్లీలీటరు గ్యాసు. నా కవర్లో సుమారు 10 మిల్లీలీటర్లు ఉంది, అంటే 20 మిల్లీఆంప్ అవర్ల జింకు ఊరికే పోయింది. అంతటితో ఆగదు. హైడ్రోజన్ పోయిన చోట ద్రావణం క్షారం వైపు జరుగుతుంది, తెల్లటి పొలుసులు కడతాయి. అవి జింక్ హైడ్రాక్సైడ్ సల్ఫేట్. పొలుసు కింద కరెంటు పోదు, పక్కన ఎక్కువ పోతుంది, అక్కడ ముల్లు మొలుస్తుంది. చిల్లకంపకి నీళ్ళు పోస్తున్నది ఈ తుప్పే.

అందుకే కొత్త పరీక్ష పెట్టుకున్నాను. రాగి మీద 4 మిల్లీఆంప్ అవర్ల జింకు పేర్చు, 24 గంటలు వదిలెయ్, తర్వాత ఎంత తిరిగొస్తుందో చూడు. వచ్చింది 3.1. ఒక్క రోజులో దాదాపు నాలుగో వంతు మాయం.

జూలై 13

పసుపు రంగు గుర్తుందా? ఎరువు మందులో ఇనుము. పొలానికి అది నష్టం కాదు, నాకు విషం. ద్రావణంలో జింకు కంటే ఉత్తమ లోహాలు, అంటే అంత తేలిగ్గా కరగనివి, ఏవున్నా జింకు మీద పేరుకుని, అక్కడ హైడ్రోజన్ సులువుగా పుట్టేలా చేస్తాయి. పాతకాలం వాళ్ళు దీనికి జింకు మీద పాదరసం పూసేవాళ్ళు. మా కాలేజీ స్టోరులో డేనియల్ సెల్లు జింకు కడ్డీలు ఇప్పటికీ వెండిలా మెరుస్తూ ఉంటాయి, వాటి జోలికి పోను. 1990లలో డ్రై సెల్లుల వాళ్ళు కూడా పాదరసం మానేసి, జింకు పొడిలో ఇండియం, బిస్మత్ లాంటివి కొద్దిగా కలపడం మొదలుపెట్టారు.

ల్యాబ్ రకం జింక్ సల్ఫేట్ కొంటే గొడవే ఉండదు. ఎరువుల కొట్టు సరుకుతో అవుతుందా అన్నదే నా పంతం. స్మెల్టర్లలో చేసేదాన్నే గిన్నెలో చేశాను. గోరువెచ్చటి ద్రావణంలో మెడికల్ షాపు హైడ్రోజన్ పెరాక్సైడ్ రెండు మూతలు, చిటికెడు జింక్ ఆక్సైడ్. పెరాక్సైడ్ ఇనుముని +3 స్థితికి తెస్తుంది, జింక్ ఆక్సైడ్ ఆమ్లాన్ని కాస్త తగ్గిస్తుంది, ఇనుము తుప్పు రంగు మడ్డిగా కిందికి దిగుతుంది. ఒక రాత్రి ఆగి వడకట్టాను. తేటలో శుభ్రమైన జింకు ముక్కలు వేసి ఇంకో రాత్రి. పొద్దున్నకి ముక్కలు నల్లబడ్డాయి. రాగి, సీసం, కాడ్మియం లాంటివి ఏమైనా ఉంటే వాటి మీదే పేరుకుని ఆగిపోతాయి. మళ్ళీ వడకట్టాను. ఈసారి నీళ్ళు మంచినీళ్ళలా ఉన్నాయి.

24 గంటల పరీక్ష 3.1 నుంచి 3.6కి. రౌండు పరీక్ష 96.8 నుంచి 98.4కి. ఇన్నాళ్ళూ నేను వేసిన ఏ మందూ ఇంత చేయలేదు. ఆ గిన్నె మాత్రం అమ్మ మళ్ళీ వంటింట్లోకి రానివ్వలేదు, నిజానికి రానివ్వకూడదు కూడా. అడుగున మిగిలిన మడ్డిని సీసాలో వేసి కాలేజీ ల్యాబ్ వ్యర్థాలతో పెట్టాను, కాలవలో పోయలేదు.

జూలై 27

ఈ వారం మందు రసాయనం కాదు, రాయి.

నాలుగు బోల్టులు ప్రతిసారీ ఒకేలా బిగించడం నా వల్ల కాలేదు. ఒక మూల గట్టిగా, ఒక మూల వదులుగా ఉంటే వదులు మూలలోనే ముళ్ళు. తాతయ్య కిరాణా కొట్టు మూసేసినప్పటి తూకపు రాళ్ళు అటక మీద ఉన్నాయి. 5 కిలోల రాయిని సెల్లు మీద నేరుగా పెట్టాను. 4 చదరపు సెంటీమీటర్ల మీద 5 కిలోలంటే సుమారు 120 కిలోపాస్కల్లు. జింకు పైకి మొలవడానికి చోటు లేక పక్కకి పరుచుకోవాలి, అదీ ఆలోచన.

రాయి లేకుండా 60 రౌండ్లలో పోయే రకం సెల్లు రాయితో 210 దాటింది. మధ్య రౌండ్ల సగటు 99.1 శాతం. విప్పి చూస్తే బూడిద రంగు ముళ్ళ బదులు మెరిసే రేకులాంటి పొర. 10 కిలోలు పెట్టి చూశాను, ఫిల్టర్ పేపర్ నలిగి ద్రావణం బయటికి కారింది, 40 రౌండ్లకే పోయింది. రెండు పొరల కాగితం, 5 కిలోలు. ఇది స్థిరం. పాత యూపీఎస్ బ్యాటరీలోని గాజు పీచు వాడమని ఒక స్నేహితుడు అన్నాడు. మెత్తగా బాగుంటుంది, కానీ దాన్నిండా యాసిడ్, సీసం. వద్దనుకున్నాను.

ఆగస్టు 17

మందుల జాబితా, గబగబా. గ్లూకోజు: తుప్పు కాస్త తగ్గింది, పది రోజులకి సీసాలో బూజు పట్టింది. జెలటిన్: జింకు బాగా చదునుగా పేరుకుంది. జింకు తయారీ ఫ్యాక్టరీలలో జిగురు వేస్తారని చదివి వేశాను. కానీ మోతాదు కొంచెం పెరిగితే వోల్టేజీ చుక్కల్నంటుతుంది. గ్లిజరిన్, మొదట నన్ను మోసం చేసినదే, శుద్ధి చేసిన ద్రావణంలో నూటికి పది వేస్తే 24 గంటల పరీక్ష 3.75కి వచ్చింది. గ్లిజరిన్ నీటి అణువుల్ని తన దగ్గర కట్టిపడేస్తుంది, జింకుతో చర్యకి ఖాళీగా ఉండే నీళ్ళు తగ్గుతాయి. దాంతో ఆగాను.

సెప్టెంబరు 7

ఇప్పుడు నిజం బ్యాటరీ. జింకు, మాంగనీస్ డయాక్సైడ్. ఈ జత కొత్తది కాదు, 1986లోనే జపాన్ పరిశోధకులు జింక్ సల్ఫేట్ ద్రావణంలో చేసి చూపించారు. కొత్త టార్చి సెల్లు లోపలి నల్ల ముద్ద తీసి, నాలుగుసార్లు నీళ్ళతో కడిగి, ఆరబెట్టి, కొద్దిగా సీఎంసీ బంక కలిపి గ్రాఫైట్ షీట్ మీద పూశాను. 25 చదరపు సెంటీమీటర్లకి అర గ్రాము. వాడగా వాడగా ఇందులోంచి మాంగనీసు ద్రావణంలోకి కరిగిపోతుంది. 2016లో అమెరికాలోని పసిఫిక్ నార్త్‌వెస్ట్ నేషనల్ ల్యాబొరేటరీ వాళ్ళు ముందే ద్రావణంలో మాంగనీస్ సల్ఫేట్ కలిపి 5000 రౌండ్లు నడిపారు. నేనూ 100 మిల్లీలీటర్లకి 1.7 గ్రాములు కలిపాను. ఇది మాత్రం ల్యాబ్ సరుకే, పంతానికి ఒక హద్దుండాలి.

25 చదరపు సెంటీమీటర్లకి అదే ఒత్తిడి కావాలంటే 31 కిలోల రాయి పెట్టాలి. గట్టు మీద అది కుదరదు. మందపాటి అక్రిలిక్, ఆరు బోల్టులు, ప్రతిదాని కింద ఒకే రకం స్ప్రింగు వాషరు. గ్యాసు పోవడానికి మూతకి చిన్న గొట్టం, దాని మీద సైకిల్ వాల్వ్ ట్యూబు ముక్క, ట్యూబుకి బ్లేడుతో ఒక గాటు. లోపలి గ్యాసు బయటికి పోతుంది, బయటి గాలి లోపలికి రాదు.

రెండు సెల్లులు వరసగా కలిపి, సోలార్ పలక నుంచి 3.5 వోల్టులకి కట్టేసి చార్జ్. రాత్రికి 5 మిల్లీఆంపుల ఎర్ర ఎల్‌ఈడీ ఒకటి. మొదటి రాత్రి 55 మిల్లీఆంప్ అవర్లు ఇచ్చింది, పొద్దుటి దాకా వెలిగింది. బాబాయి చూసి, "ఇది లైటా, అగరొత్తా?" అన్నాడు. కాపలా అన్న మాత్రం గుంట గట్టు చివర గుర్తుకి పనికొస్తుందని తీసుకెళ్ళి వెదురుకి కట్టాడు.

అక్టోబర్ 19

42 రాత్రులు. ఈశాన్య వానలు మొదలై నాలుగు రోజులుగా ఎండ లేదు, రెండు రాత్రులు సగంలోనే ఆరిపోయింది, అది సెల్లు తప్పు కాదు. నిన్న ఇంటికి తెచ్చి పూర్తిగా చార్జ్ చేసి కొలిస్తే 47 మిల్లీఆంప్ అవర్లు. 55 నుంచి 47. తగ్గింది జింకు వైపా, మాంగనీసు వైపా? రెండూ విడివిడిగా కొలిచాను. ఒకటో సెల్లు బాగుంది. రెండోది 1.2 వోల్టులకే చతికిలబడుతోంది, సైకిల్ ట్యూబు చుట్టూ తెల్ల పొడి ఉంది. గాటు పెద్దదైనట్టుంది. నీళ్ళు ఆవిరై ఒక మూల కాగితం ఎండిపోయి ఉండాలి. ఎండిన మూలలో కరెంటు పోదు, మిగతా చోట రెట్టింపు, తర్వాత ఏమవుతుందో మే నెలలోనే చూశాను.

ఇంకా విప్పలేదు. కొత్త ట్యూబు ముక్క, సూదితో పొడిచిన చిన్న గాటు, 2 మిల్లీలీటర్ల ద్రావణం సిరంజిలో సిద్ధంగా పెట్టుకున్నాను. ముందు ద్రావణం పోసి మళ్ళీ కొలవాలి. తేరుకుంటే ఎండడమే జబ్బు. తేరుకోకపోతే విప్పి, మైక్రోస్కోప్ కింద ఆ మూల చూడాలి. ఒకటో సెల్లు ఈ సాయంత్రం మళ్ళీ గట్టు మీదికి వెళ్ళిపోయింది, ఒంటరిగా 1.3 వోల్టులతో ఎర్ర లైటు వెలగదు కాబట్టి దానికి వోల్టేజీ పెంచే జౌల్ థీఫ్ సర్క్యూట్ ఒకటి జోడించి పంపాను. కాపలా అన్న ఫోన్ చేసి లైటు వచ్చిందన్నాడు, ఈసారి కొంచెం మిణుకుమిణుకుమంటోందని కూడా అన్నాడు.